యాక్ట్ చికిత్సపై వృత్తి నిపుణుల ఆసక్తి బృందం: ఏ పునాది మీద నిలబెట్టాలి?

ప్రశ్న
అడిగినవారు: నిశ్శబ్దశ్రోత

అందరికీ నమస్కారం. నేను ఎనిమిదేళ్లుగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. గత మూడేళ్లుగా నా పనికి ప్రధానమైన ఆసరా యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ, అంటే వృత్తిలో ఉన్నవాళ్లం ఒకే మాటగా పలికే 'యాక్ట్'. లోపలి బాధతో పోరాటం ఆపి, దానికి చోటిస్తూనే తనకు ముఖ్యమైన పని వైపు మనిషి నడిచేలా తోడ్పడే మానసిక చికిత్స ఇది. ఇదే విధానం మీద ఆసక్తి ఉన్న ఏడుగురం కలిసి ఒక ఆసక్తి బృందాన్ని ప్రారంభించాం. మాలో ఇద్దరు సైకాలజిస్టులు, ఇద్దరు కౌన్సెలర్లు, ఒక సైకియాట్రిస్టు, ఒక సోషల్ వర్కర్, ఒక ఫిజియోథెరపిస్టు ఉన్నారు. యాక్ట్‌ను తోటి వృత్తి నిపుణులకు పరిచయం చేయడం, మా నైపుణ్యాన్ని పెంచుకోవడం మా ఉద్దేశాలు.

రెండు సమావేశాలు జరిగాక నాకు కొన్ని సందేహాలు కలిగాయి. ఒకే ఒక చికిత్సా విధానాన్ని ప్రోత్సహించడానికి వృత్తి నిపుణులు బృందం కట్టడం అసలు సమంజసమేనా, అది క్రమంగా భక్త సమాజంగా మారిపోదా అన్నది మొదటిది. మా దగ్గర శిక్షణకు వచ్చేవారికి 'యాక్ట్ థెరపిస్టు' అని ధ్రువపత్రం ఇవ్వాలని కొందరు సభ్యులు పట్టుబడుతున్నారు. అది సరైనదో కాదో తేల్చుకోలేకపోతున్నాను.

మూడోది నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న విషయం. రెండో సమావేశంలో గంటకు పైగా సిద్ధాంతం మీద స్లైడ్లు చూశాం. చివర్లో ఒక సభ్యురాలు, దీర్ఘకాలంగా నడుము నొప్పితో బాధపడుతున్న ఒకరి గురించి చెబుతూ, "నొప్పిని అంగీకరించమని చెప్పాను, ఆయన మళ్లీ రాలేదు" అన్నారు. మాలో ఎవరి దగ్గరా ఆమెకు చెప్పడానికి ఏమీ లేకపోయింది. అంతసేపు చదువుకున్నది ఆ ఒక్క వాక్యం ముందు ఎందుకు పనికిరాకుండా పోయిందో నాకు అర్థం కావడం లేదు. ఇలాంటి బృందాలను నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపగలరు.

జవాబు
రాసినవారు: దిక్సూచి

ధ్రువపత్రం సంగతి ముందుగా తేల్చేద్దాం, ఎందుకంటే దానికి ఇప్పటికే స్పష్టమైన సంప్రదాయం ఉంది.

యాక్ట్‌కు 1980ల్లో అమెరికాలో స్టీవెన్ హేస్, ఆయన సహచరులు పునాది వేశారు. హేస్, కిర్క్ స్ట్రోసాల్, కెల్లీ విల్సన్ కలిసి 1999లో దాని మొదటి సమగ్ర గ్రంథాన్ని వెలువరించారు. విధానం వ్యాపించిన కొద్దీ దానికి ఒక అంతర్జాతీయ సంస్థ అవసరమై, 2005లో అసోసియేషన్ ఫర్ కాంటెక్స్చువల్ బిహేవియరల్ సైన్స్ ఏర్పడింది. దానికింద వివిధ దేశాల్లో శాఖలు, ఒక్కో అంశం మీద ప్రత్యేక ఆసక్తి బృందాలు పనిచేస్తున్నాయి. 2012 నుంచి సొంత పరిశోధన పత్రిక కూడా ఉంది.

ఇంత విస్తృతమైన సంస్థ అయినా యాక్ట్ చికిత్సకులకు ధ్రువపత్రాలు ఇవ్వదు. ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. ధ్రువపత్రం ఇచ్చే అధికారం ఒకచోట పోగుపడితే విధానం కొందరి సొత్తుగా మారుతుందనీ, పరిశోధన ఏం చెబుతోందన్న దానికన్నా ఎవరు ముద్ర వేశారన్న దానికి విలువ పెరుగుతుందనీ వారి ఆందోళన. శిక్షకుల విషయంలో మాత్రం తోటి శిక్షకులు పరిశీలించి గుర్తించే ఏర్పాటు ఒకటి ఉంది. అలా గుర్తింపు పొందేవారు ఒక విలువల ప్రకటనకు సమ్మతించాల్సి ఉంటుంది. సభ్యత్వ రుసుము విషయంలోనూ అదే స్ఫూర్తి కనిపిస్తుంది: ఒక కనీస మొత్తం నిర్ణయించి, ఆపైన ఈ సభ్యత్వం తనకెంత విలువైనదో, తన స్తోమత ఎంతో చూసుకుని ఎవరికి వారే చెల్లించే పద్ధతి పెట్టుకున్నారు.

కాబట్టి నా సలహా ఇది. మీ శిక్షణకు వచ్చినవారికి ఫలానా అంశం మీద ఇన్ని గంటలు హాజరయ్యారని తెలిపే పత్రం నిస్సంకోచంగా ఇవ్వండి. 'యాక్ట్ థెరపిస్టు' అన్న బిరుదు మాత్రం ఇవ్వకండి. ఒక మనిషికి మానసిక చికిత్స చేసే అర్హత ఆ వ్యక్తి మూల విద్య నుంచి, వృత్తి లైసెన్సు నుంచి, పర్యవేక్షణలో చేసిన పని నుంచి రావాలి. రెండు రోజుల శిక్షణ ఆ అర్హతకు కొంత మెరుగు పెట్టగలదేమో కానీ, లేని అర్హతను పుట్టించలేదు. బాధలో ఉన్న మనిషి గోడ మీది పత్రాన్ని చూసి నమ్మకం పెట్టుకుంటాడన్న సంగతి మనం ఏ క్షణమూ మరువకూడదు.

జవాబు
రాసినవారు: తులాదండం

నేను పరిశోధన రంగంలో ఉన్నాను, యాక్ట్ మీద అభిమానం ఉన్నవాడినే. అయినా మీ మొదటి సందేహాన్ని తేలిగ్గా తీసుకోవద్దని కోరుతున్నాను. ఒక విధానాన్ని ప్రోత్సహించే బృందం సమంజసమైనదా కాదా అన్నది, తనకు నచ్చని ఆధారాలతో ఆ బృందం ఎలా వ్యవహరిస్తుందన్న దాన్ని బట్టే తేలుతుంది.

మీ సభ్యులు మొదట చదవవలసినవి విమర్శలని నా అభిప్రాయం. స్వీడన్ పరిశోధకుడు లార్స్ గోరన్ ఓస్ట్ 2008లో, మళ్లీ 2014లో యాక్ట్ పరిశోధనలను సమీక్షించారు. రెండో సమీక్షలో 60 యాదృచ్ఛిక నియంత్రిత అధ్యయనాలను (పాల్గొనేవారిని లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి పోల్చేవాటిని) పరిశీలించి, దీర్ఘకాలిక నొప్పి, చెవుల్లో హోరు వంటి సమస్యలకు ఇది బహుశా ఫలితమిస్తుందనీ, ఏ ఒక్క రుగ్మతకైనా పూర్తిగా స్థిరపడిన చికిత్స అనిపించుకునే స్థాయికి ఇంకా చేరలేదనీ తేల్చారు. ఆ సమీక్షలోనే పొరపాట్లున్నాయని యాక్ట్ పరిశోధకులు 2017లో సవివరంగా జవాబిచ్చారు, దానికి ఆయన తిరిగి బదులిచ్చారు. ఈ వాదోపవాదాలను వరసగా చదివితే, ఒక అధ్యయనాన్ని ఎలా తూచాలో నేర్పే ఇంతకన్నా మంచి పాఠం మీకు దొరకదు.

మరోవైపు, 2015లో వెలువడిన ఒక మెటా విశ్లేషణ 39 అధ్యయనాల్లోని 1,821 మంది ఫలితాలను కలిపి చూసింది. చికిత్స కోసం ఎదురుచూపు జాబితాలో ఉన్నవారితో, మామూలు వైద్యం మాత్రమే పొందినవారితో పోలిస్తే యాక్ట్ పొందినవారు స్పష్టంగా మెరుగయ్యారు. ఆలోచనలను, ప్రవర్తనను మార్చడం మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ వంటి స్థిరపడిన చికిత్సలతో పోల్చినప్పుడు మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ రెండు వాక్యాలనూ కలిపే చెప్పాలి. మొదటిది చెప్పి రెండోది మింగేసే ఉపన్యాసాలు నేను చాలా విన్నాను, విన్న ప్రతిసారీ మనసు కష్టపడింది, ఎందుకంటే అలాంటి అర్ధసత్యాల వల్ల చివరికి నష్టపోయేది నిజంగా పనికొచ్చే ఒక విధానమే.

నొప్పి విషయానికి వస్తే ఆధారాలు బలంగానే ఉన్నాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో విడుదల చేసిన మార్గదర్శకాలు, దీర్ఘకాలిక ప్రాథమిక నొప్పి (వేరే జబ్బుతో పూర్తిగా వివరించలేని నొప్పి) ఉన్న 16 ఏళ్లు, ఆపై వయసువారికి యాక్ట్‌ను గానీ, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని గానీ పరిశీలించమన్నాయి. అయితే చికిత్స చేసేవారికి తగిన శిక్షణ ఉండాలని కూడా అక్కడే చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాక్ట్ ఆధారంగా రూపొందించిన సెల్ఫ్ హెల్ప్ ప్లస్ అనే సామూహిక కార్యక్రమాన్ని ఉగాండాలోని దక్షిణ సూడాన్ శరణార్థి మహిళల మధ్య పరీక్షించారు. 694 మంది పాల్గొన్న ఆ అధ్యయన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. అయిదు సెషన్లూ ముందుగా రికార్డు చేసిన ఆడియోతో సాగాయి, నడిపినవారు మానసిక వైద్య నిపుణులు కారు. మూడు నెలల తర్వాత వారిలో మానసిక వేదన తగ్గినట్టు కనిపించింది. తగ్గుదల పెద్దది కాదు గానీ, నిపుణులే లేనిచోట అంతమందిని ఒకేసారి చేరగలగడం చిన్న విషయమూ కాదు.

ఇంకొక్క మాట. లోపలి అనుభవాలను తప్పించుకునే ధోరణిని కొలవడానికి మన రంగంలో విరివిగా వాడే ఏడు ప్రశ్నల ఏఏక్యూ ప్రశ్నావళి, తాను కొలవాలనుకున్నదాన్ని కాకుండా సాధారణమైన మానసిక వేదననే ఎక్కువగా కొలుస్తోందన్న విమర్శ ఉంది. ఆ స్కోరు తగ్గింది కాబట్టి చికిత్స అనుకున్న దారిలోనే పనిచేసిందని మీ బృందం ఎక్కడైనా ప్రకటించేముందు ఆ విమర్శను గుర్తుంచుకోండి.

జవాబు
రాసినవారు: తాడు వదిలినవారు

పై ఇద్దరూ చెప్పినవాటితో ఏకీభవిస్తూ, మీ మూడో సందేహం గురించి వివరంగా రాస్తాను. మీ సహచరి చెప్పిన ఆ ఒక్క వాక్యంలో యాక్ట్ సాధనలో ఎదురయ్యే అసలు కష్టమంతా ఉంది.

'అంగీకరించండి' అన్న మాట తెలుగులో ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. అప్పును అంగీకరిస్తాం, నేరాన్ని అంగీకరిస్తాం, ఓటమిని అంగీకరిస్తాం. ఏళ్ల తరబడి నడుము నొప్పితో బతుకుతున్న మనిషి చెవికి ఆ మాట, "ఇక ఇంతే, సరిపెట్టుకో" అన్నట్టే వినబడుతుంది. ఆ మాట ఆయన బంధువులు ముందే అని ఉంటారు, వైద్యులు కూడా అని ఉండవచ్చు. చివరికి మనమూ అదే అన్నామనుకుని లేచి వెళ్లిపోయారంటే ఆయన్ని తప్పుపట్టలేం.

యాక్ట్‌లో ఆ మాటకున్న అర్థం వేరు. లోపల కలిగే అనుభవాన్ని అణచడానికో, తప్పించుకోవడానికో చేసే పోరాటాన్ని ఆపి, ఆ అనుభవానికి లోపల కాస్త చోటివ్వడం దాని అర్థం. అది కూడా ఊరికే కాదు, మనిషి తనకు ముఖ్యమనుకున్న పని వైపు నడవడానికి వీలుగా. లోతైన గోతికి అవతల ఒక రాక్షసుడు, ఇవతల మనం, మధ్యలో తాడు పట్టుకుని లాగుతున్నామన్న ఉపమానం మీకు తెలిసే ఉంటుంది. గెలవాలని లాగినకొద్దీ గోతికి దగ్గరవుతాం. తాడు వదిలినంత మాత్రాన రాక్షసుడు మాయం కాడు, కానీ మన చేతులు ఖాళీ అవుతాయి. నేను నా పనిలో అంగీకారం అన్న మాటను దాదాపు మానేశాను. 'చోటివ్వడం' అంటాను, కొన్నిసార్లు 'తాడు వదలడం' అంటాను. అలాగే యాక్ట్ పెంచాలనుకునే సైకలాజికల్ ఫ్లెక్సిబిలిటీకి 'మానసిక నమ్యత' అన్న పాఠ్యపుస్తకపు మాట కన్నా, మనవాళ్ల నోట ఉన్న 'పట్టువిడుపు' ఎంతో దగ్గరగా ఉంటుంది. ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు విడవాలో తెలియడమే కదా యాక్ట్ నేర్పే ఆరు ప్రక్రియల సారం. వాటిలో ఒకటైన డీఫ్యూజన్‌కు 'ఆలోచన నుంచి ఎడం జరగడం' అంటే చాలామందికి వెంటనే అందుతోంది. విలువలు అన్న మాట దగ్గర మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే అది నీతిబోధలా వినిపిస్తుంది. నేను 'మీకు ఏ దిక్కుగా నడవాలని ఉంది' అని అడుగుతాను. మీ బృందం చేయగల అత్యంత ఉపయోగకరమైన పనుల్లో ఒకటి, ఇలాంటి మాటలను గదిలో నిజంగా వాడి చూసి, వింటున్నవారి ముఖంలో ఏది వెలుగు తెస్తుందో, ఏది తలుపు మూస్తుందో గమనించి రాసిపెట్టుకోవడం.

ఇక ఆ వ్యక్తి దగ్గరకు తిరిగి వద్దాం. దీర్ఘకాలిక నొప్పితో వచ్చినవారితో మొదటి సెషన్‌లో నేను అంగీకారం ప్రస్తావనే తీసుకురాను. ఇన్నేళ్లలో నొప్పి తగ్గడానికి ఏమేం ప్రయత్నించారో, ఒక్కొక్కటీ ఎంతకాలం పనిచేసిందో, దానికోసం దేన్ని వదులుకోవాల్సి వచ్చిందో తీరికగా అడుగుతాను. మాత్రలు, విశ్రాంతి, పనులు మానుకోవడం, నలుగురిలోకి వెళ్లకపోవడం అంటూ జాబితా పెరుగుతుంది. ఒక దశలో ఆయనే ఆగి, నొప్పి అలాగే ఉందనీ, బతుకు మాత్రం చిన్నదైపోయిందనీ గ్రహిస్తారు. ఆ గ్రహింపు మన నోటి నుంచి రాకూడదు. అది వచ్చాక కూడా మనం వెంటనే జవాబు ఇవ్వకూడదు, ఆ నిశ్శబ్దంలో ఆయనతో పాటు కూర్చోవాలి. మనవల్ల కానిది సరిగ్గా అదే. ఎదుటి మనిషి నిస్సహాయత మనల్ని భయపెడుతుంది, ఆ భయాన్ని తప్పించుకోవడానికి ఒక సలహా ఇచ్చేస్తాం. అంటే, నొప్పిని అంగీకరించమని చెప్పిన ఆ క్షణంలో చికిత్సకురాలు తన సొంత అసౌకర్యానికి చోటివ్వలేకపోయి ఉండవచ్చు. ఇది ఆమె మీద నింద కాదు, నేనూ ఎన్నోసార్లు అదే చేశాను.

అందుకే యాక్ట్ నేర్చుకునేవారు దాన్ని ముందు తమ మీద సాధన చేయాలంటారు. 1978లో ఒక విభాగ సమావేశంలో, సహ అధ్యాపకుల ఎదుట తనకు మొదటి పానిక్ అటాక్ వచ్చిందని హేస్ బహిరంగంగానే చెప్పుకున్నారు. ఈ విధానానికి ఉన్న మూలాల్లో ఆయన ఆ భయంతో చేసిన పోరాటం, దాన్ని విరమించిన తీరు కూడా ఉన్నాయి. చికిత్సకుడూ, వచ్చినవారూ వేర్వేరు కొండల మీద ఎక్కుతున్నవారే తప్ప ఒకరు శిఖరం మీద, మరొకరు లోయలో లేరన్న ఉపమానం యాక్ట్ శిక్షణలో తరచుగా వినిపించడం యాదృచ్ఛికం కాదు.

స్లైడ్లు తగ్గించండి. తోటివారే నడుపుకునే యాక్ట్ సంప్రదింపు బృందాల కోసం అమెరికాలోని పోర్ట్‌లాండ్ చికిత్సకులు రూపొందించిన ఒక నమూనా 2015లో ప్రచురితమైంది. కేసు గురించి మాట్లాడుకోవడం కన్నా, దాన్ని అక్కడికక్కడే నటించి సాధన చేయడానికి అందులో ప్రాధాన్యం ఉంది. మీ సహచరి ఆ వ్యక్తి పాత్ర తీసుకుని, మరొకరు చికిత్సకుడి పాత్ర తీసుకుని పది నిమిషాలు కూర్చుంటే, గంట ఉపన్యాసం చూపలేనిది కనిపిస్తుంది. వచ్చినవారి గుర్తింపు వివరాలు మాత్రం ఎక్కడా బయటపడకూడదు. వృత్తి, కుటుంబం, ఊరు వంటివి మార్చినా సరిపోదు, గదిలో ఉన్న ఇంకెవరికైనా ఆ వ్యక్తి తెలిసే అవకాశం ఉందా అని ముందే ఆలోచించాలి.

చివరిగా ఒక హెచ్చరిక, దీన్ని మీ బృందం మొదటి పత్రంలోనే రాసుకోవాలని నా విన్నపం. చోటివ్వవలసింది భయానికి, దుఃఖానికి, నొప్పికి. హింసకు కాదు. ఇంట్లో దెబ్బలు తింటున్నవారికి, పనిచోట వేధింపులు ఎదుర్కొంటున్నవారికి అంగీకారం పేరుతో ఓర్చుకోమని చెప్పడం యాక్ట్ కాదు, ద్రోహం. మార్చగలిగిన పరిస్థితిని మార్చడానికి వేసే అడుగు కూడా యాక్ట్ పేరులోని 'కమిట్‌మెంట్', అంటే నిబద్ధ కార్యాచరణే. ఆ అడుగు వేసేటప్పుడు లోపల లేచే భయానికి చోటివ్వడంలోనే మన సహాయం అవసరమవుతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: నిశ్శబ్దశ్రోత

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. చివరి జవాబును ఆ సభ్యురాలికి చదివి వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ రోజు ఆయన ఏడుస్తారేమోనని నాకు భయం వేసింది" అన్నారు.

మరొక సందేహం మిగిలింది. మాలో సైకియాట్రిస్టు మాట్లాడితే మిగతావారు వెనక్కి తగ్గుతున్నారు. నొప్పితో వచ్చేవారితో అందరికన్నా ఎక్కువ సమయం గడిపేది ఫిజియోథెరపిస్టు అయినా, ఆయన దాదాపు నోరు విప్పడం లేదు. హోదాల బరువును బృందంలో ఎలా దించాలి?

జవాబు
రాసినవారు: దిక్సూచి

దీనికి యాక్ట్ కుటుంబంలోనే ఒక సాధనం ఉంది. ఉమ్మడి వనరులను జనం తమంతట తాముగా ఎలా కాపాడుకుంటారో అధ్యయనం చేసి 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, అలా విజయవంతంగా నడిచే సమూహాల్లో కనిపించే ఎనిమిది సూత్రాలను గుర్తించారు. పరిణామ శాస్త్రవేత్త డేవిడ్ స్లోన్ విల్సన్ ఆమెతో కలిసి వాటిని ఏ బృందానికైనా వర్తించేలా విస్తరించారు, తర్వాత హేస్, పాల్ అట్కిన్స్‌లతో కలిసి వాటిని యాక్ట్‌తో జోడించారు. ఆ పద్ధతిని ప్రోసోషల్ అంటారు.

ఎనిమిదీ ఇక్కడ ఏకరువు పెట్టను. మీ పరిస్థితికి సూటిగా తగిలేవి రెండు: శ్రమ, ప్రయోజనం సభ్యులందరికీ న్యాయంగా పంచబడాలి, తమ మీద ప్రభావం చూపే నిర్ణయాల్లో అందరికీ పాలుండాలి. ఆచరణలో చెప్పాలంటే, సమావేశాన్ని నడిపే బాధ్యత వంతులవారీగా మారాలి, కేసు మీద మొదటి మాట ఎప్పుడూ హోదాలో చిన్నవారిది కావాలి.

అంతకన్నా ముందు, ఒక సమావేశంలో యాక్ట్ మ్యాట్రిక్స్‌ను మీ బృందం మీదే గీసి చూడండి. ఒక అడ్డగీత, ఒక నిలువు గీత. కుడివైపు మనకు ముఖ్యమైనదాని దగ్గరకు తీసుకెళ్లేవి, ఎడమవైపు దాని నుంచి దూరం చేసేవి. పైన బయటికి కనిపించే ప్రవర్తన, కింద లోపల కలిగేవి. ఈ బృందంలో మీకు ఏది ముఖ్యం, దానికి అడ్డుపడేలా లోపల ఏం లేస్తుంది, అది లేచినప్పుడు మీరు ఏం చేస్తారు, ముఖ్యమైనదాని వైపు ఒక అడుగు ఎలా ఉంటుంది అని ప్రతి ఒక్కరూ రాయాలి. మాట్లాడితే అజ్ఞానం బయటపడుతుందేమోనన్న భయం ఫిజియోథెరపిస్టు కాగితం మీద ఉంటే, తెలియదని ఒప్పుకుంటే గౌరవం పోతుందేమోనన్న భయం సైకియాట్రిస్టు కాగితం మీద ఉండవచ్చు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడు గదిలో గాలి మారడం నేను స్వయంగా చూశాను. అయితే రాసినది పంచుకోవడం పూర్తిగా ఐచ్ఛికంగా ఉండాలి. బలవంతంగా మనసు విప్పించడం ఈ పద్ధతి స్వభావానికే విరుద్ధం.

ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: నిశ్శబ్దశ్రోత

ఈరోజు సభ్యులందరితో మాట్లాడాను. ధ్రువపత్రాల ఆలోచన విరమించుకుని, హాజరు పత్రాలతో సరిపెట్టాలని అందరం ఒప్పుకున్నాం. ఇకపై ప్రతి రెండో సమావేశంలో యాక్ట్‌కు ప్రతికూలంగా ఉన్న ఒక పరిశోధన పత్రాన్ని చదువుతాం. ఓస్ట్ సమీక్షతో మొదలుపెట్టే బాధ్యత సైకియాట్రిస్టు తీసుకున్నారు. హింసకు సంబంధించిన హెచ్చరికను మా పత్రంలో మొదటి పేరాగా చేర్చాం.

వచ్చే సమావేశానికి స్లైడ్లు లేవు. నడుము నొప్పితో వచ్చిన ఆ వ్యక్తి పాత్రను మా సహచరి తీసుకుంటారు. ఎదురుగా చికిత్సకుడి కుర్చీలో కూర్చోవడానికి ఎవరు సిద్ధమని అడిగితే, ఫిజియోథెరపిస్టు చెయ్యెత్తారు.